గోడ అవతలి వంకాయ

గుండ్లకొత్తూరు బాలికల హాస్టలుకు ఒక ప్రహరీ గోడ ఉంది. ఆ గోడకు వెనకవైపు ఒక సందు ఉంది. పదకొండేళ్ల కిందట నాలుగు రాళ్లు ఊడిపోతే, వాటిని తిరిగి పెట్టించమని రాసిన కాగితం పైకి వెళ్లింది, ఇంకా కిందికి రాలేదు. ఆ కాగితం పుణ్యమా అని హాస్టలు ఆడపిల్లలు ఇన్నేళ్లుగా తాజా కూరగాయలు తింటున్నారు. ఎందుకంటే గోడకు అవతల ఉన్నది హనుమక్క తోట.

తెల్లవారగానే వంటమనిషి వీరమ్మ సందు దగ్గరికి వచ్చి "అక్కా" అని ఒక కేక వేస్తుంది. హనుమక్క తట్టెడు వంకాయలో, బెండకాయలో, నాలుగు కట్టల గోగాకో సందులోంచి అందిస్తుంది. మంచు తడి ఆరకముందే అవి కత్తిపీట ఎక్కుతాయి. తోట నుంచి వంటింటికి సరుకు ప్రయాణించే దూరం ఒక చెయ్యి పొడవు. ఈ ఏర్పాటుకు పేరు లేదు, ప్రారంభోత్సవం జరగలేదు, కాబట్టి అది చక్కగా నడిచింది.

మధ్యలో ఒకసారి జిల్లాను రెండు చేశారు. గీత గీసే అధికారికి ఆ ప్రాంతం మొత్తం మీద తిన్నగా కనిపించింది హాస్టలు వెనక గోడ ఒక్కటేనట. ముచ్చటపడి గీతను దాని మీదుగా పోనిచ్చాడు. హాస్టలు తూర్పు జిల్లాలో పడింది. హనుమక్క తోటా, ఊరూ పడమటి జిల్లాలో పడ్డాయి. ఆ సంగతి హనుమక్కకు తెలియదు, ఆమె వంకాయలకు అంతకన్నా తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు హాస్టలు ముందు షామియానా వేశారు. "మన నేల – మన నోరు" అనే కొత్త పథకం గురించి తూర్పు జిల్లా సమన్వయాధికారి శేషఫణిగారు మైకులో మాట్లాడారు. హనుమక్క గోడ పక్కన కలుపు తీస్తూ అంతా విన్నది.

"ఎక్కడో పండింది తెచ్చుకుని తినడమంటే మన రైతు కడుపు మీద కొట్టడమే. మీ పక్కనున్న రైతు దగ్గరే కొనండి. రైతు సోదరులారా, మీరు పంట పెంచండి. కొనే బాధ్యత మాది" అన్నారాయన.

హనుమక్క నడుం నిలబెట్టి గోడవైపు చూసింది. హాస్టలు పక్కనున్న రైతు ఎవరా అని లెక్క వేసుకుంటే తనొక్కతే తేలింది. ఆ సాయంత్రమే మొగుడు సుంకన్నతో చెప్పింది, శెనక్కాయ వేద్దామనుకున్న అర ఎకరంలో కూడా వంగ నారు పెడదామని.

"అన్ని వంకాయలు ఎవరు తింటారే?" అన్నాడు సుంకన్న.

"సర్కారు తింటాది. మైకులో చెప్పినారు."

మైకులో చెప్పిన మాటకు ఎదురు చెప్పడం సుంకన్నకు చేతకాదు. నారు పెట్టారు. బోరు నీళ్లు చాలకపోతే ఇద్దరూ బిందెలతో పోశారు. రెండు నెలలు దాటాక చెట్లు విరగ్గాశాయి. సరిగ్గా కాయ కోతకొచ్చిన వారమే పథకం అమల్లోకి వచ్చింది.

ఆ రోజు పొద్దున సందు దగ్గరికి వీరమ్మ రాలేదు. వార్డెను ప్రమీలారాణి వచ్చింది. మంచి మనిషి. ఆమెకున్న జబ్బల్లా ఒక్కటే, వచ్చిన ప్రతి ఉత్తర్వునూ చదువుతుంది.

"హనుమక్కా, ఇంగమీద స్థానిక రైతుల దగ్గరే కొనాలంట."

"మంచిదే కదా మేడమ్. దండిగా ఉండాయి. ఎన్ని తట్టలు కావాలో చెప్పండి."

"అది కాదు. స్థానికమంటే మన జిల్లా. నువ్వు మన జిల్లా కాదు కదా."

హనుమక్క తన కాళ్ల కింద నేల చూసుకుంది. అదే నేల, అవే పాదాలు. "నేను యాడికీ పోలేదే మేడమ్" అన్నది.

"నువ్వు పోలేదు. జిల్లానే పోయింది" అని వార్డెను తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి స్థానిక కూరగాయలు వచ్చాయి. తూర్పు జిల్లాకు ఆ చివర, నూటపది కిలోమీటర్ల అవతలున్న ఒక గ్రామం నుంచి కాంట్రాక్టరు వన్నూరప్ప వ్యానులో తెచ్చాడు. దారి పొడుగునా ఎండ తిని అవి సొట్టలు పడి, రంగు మారి దిగాయి. వ్యాను మీద మాత్రం "మీ పక్కింటి పంట" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

హనుమక్క పడమటి జిల్లా టౌను సంతకు రెండు గంపలు మోసుకెళ్లి చూసింది. మైకు మాట విన్నది ఆమె ఒక్కతే కాదు. సంత నిండా వంకాయలే. ఒకటిన్నర గంప తిరిగి ఇంటికి వచ్చింది. ఇక తాడో పేడో తేల్చుకుందామని, మంచి కాయలు ఏరి సంచిలో వేసుకుని మూడు గంటలు బస్సులో కూర్చుని శేషఫణిగారి కార్యాలయానికి వెళ్లింది.

శేషఫణిగారు మర్యాదస్తులు. కుర్చీ చూపించారు. సంచిలోని వంకాయను చేత్తో తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, తిరిగి సంచిలోనే పెట్టారు.

"అమ్మా, మీ వంకాయ నాణ్యత మీద ఈ కార్యాలయానికి ఎటువంటి అభ్యంతరమూ లేదు. అయితే అది దిగుమతి సరుకు కిందికి వస్తుంది."

"దిగుమతి అంటే ఏంది సార్?"

"సరిహద్దు అవతలి నుంచి వచ్చేది."

"సందులోంచి వస్తాది సార్."

"సందులోంచి వచ్చినా, సముద్రం మీద వచ్చినా విధానం దృష్టిలో రెండూ ఒకటే."

హనుమక్కకు మైకు గుర్తొచ్చింది. "పక్కనున్న రైతు దగ్గరే కొనమని మీరే చెప్పినారు కదా సార్. హాస్టలుకు నాకంటే పక్కన ఎవరుండారు?"

శేషఫణిగారు సొరుగులోంచి మార్గదర్శకాల పుస్తకం తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచారు. "పక్కన అనే దానికి ఇందులో స్పష్టత ఇవ్వబడింది. జిల్లా లోపల ఎంత దూరంలో ఉన్నా పక్కన ఉన్నట్టే. జిల్లా బయట ఎంత దగ్గరున్నా దూరంగా ఉన్నట్టే. చూశారా, మీ సందేహానికి ముందే జవాబు ఉంది." ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. "ఇంకో మాట. మీవంటి బయటి రైతులు ఇలా తాజాగా, చవగ్గా తెచ్చి కుమ్మరిస్తే మా స్థానిక రైతు ఏమైపోవాలి? మీరే ఆలోచించండి."

హనుమక్క ఆలోచించింది. ఎంత ఆలోచించినా తాజాగా ఉండటం తప్పెట్లా అయిందో ఆమెకు బోధపడలేదు. అర ఎకరం వంకాయ చెట్టు మీదే ముదిరిపోతున్నదన్న సంగతి మాత్రం బోధపడుతూనే ఉంది.

"అట్లయితే నావి ఎవరు కొంటారు సార్?"

"మీ జిల్లాలోనూ ఇదే పథకం ఉంది. అక్కడ మీరే స్థానికులు. నిశ్చింతగా వెళ్లండి."

మర్నాడు రెండు బస్సులు మారి పడమటి జిల్లా కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి దివాకరనాథ్‌గారు హుషారైన మనిషి. ఆమె చెప్పిందంతా విని పెన్ను తీశారు.

"ఒక్క నిమిషం. పదకొండేళ్లుగా మీ సరుకు తూర్పు జిల్లాకు వెళ్తోందా?"

"అవు సార్. సందులోంచి."

"క్రమం తప్పకుండా?"

"ఒక్క పొద్దు కూడా తప్పలేదు."

దివాకరనాథ్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆమెకూ లేవాలేమో అనిపించి తనూ లేచింది.

"అమ్మా, మీరు ఎగుమతిదారు. నెలనెలా మేము పైకి పంపే నివేదికలో వ్యవసాయ ఎగుమతిదారులు అనే గడి ఒకటి ఉంది. మూడేళ్లుగా అందులో సున్నా వేసి పంపలేక సిగ్గుతో చస్తున్నాం. మీరు ఎక్కడో లేరు, ఇక్కడే ఉన్నారు."

గంటలో శాలువా వచ్చింది, ఫోటోగ్రాఫరు వచ్చాడు. హనుమక్క పేరు రాసిన ప్రశంసాపత్రాన్ని అద్దం కట్టించి చేతికిచ్చారు. వెనక అట్ట మీద సన్నక్షరాల్లో అంటించిన ఎగుమతి నిబంధనలను అక్కడి గుమాస్తా ఒకసారి చదివి వినిపించాడు. తెల్లారితే పేపర్లో పడే ఫోటోలో ఆమె నవ్వలేదు. చప్పట్లు ఆగాక అడిగింది, "మరి నా వంకాయలు కొంటారా సార్?"

దివాకరనాథ్‌గారు నొచ్చుకున్నారు. "ఎగుమతి సరుకును మేము ఇక్కడే కొనేస్తే ఎగుమతి పడిపోదా? మీ అభివృద్ధికి అడ్డు పడే పని ఈ కార్యాలయం ఎన్నటికీ చేయదు."

"అవతల కొనడం లేదు సార్."

"అంతర్జాతీయ ఒడుదొడుకులు అంటారు దాన్ని. ఎగుమతిదారులకు ఇవి మామూలే."

ఇంటికి వచ్చేసరికి సుంకన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కోయని కాయలు పసుపు పచ్చగా తిరిగి గింజ కట్టి వేలాడుతున్నాయి.

"కొంటారంటనా?"

"కొనరంట. ఎగుమతి చేస్తానంట నేను."

"ఎవరికి?"

"అది వాళ్లు చెప్పలేదు" అని శాలువా తీసి దండెం మీద వేసింది. అప్పుడు ఏడుపొచ్చింది. తను బిందెలతో పోసిన నీళ్లన్నీ గుర్తొచ్చాయి.

అదే వారం హనుమక్క బీర తీగ ఒకటి ఎవరినీ అడక్కుండా గోడ ఎక్కి హాస్టలు వైపు దిగి రెండు కాయలు కాసింది. వీరమ్మ వాటిని కోసి పప్పులో వేసింది. కోశాక భయపడి వార్డెనుకు చెప్పింది. వార్డెను భయపడి శేషఫణిగారికి రాసింది. గోడకు ఇవతల వేలాడుతున్న బీరకాయ స్థానికమా, కాదా అని.

ఇంత మంచి ప్రశ్న ఆ కార్యాలయానికి ఎన్నడూ రాలేదు. ముగ్గురు అధికారుల నిర్ధారణ బృందం జీపులో దిగింది. టేపు పట్టి తీగ కొలిచారు. వేరు పడమట ఉంది, కాయ తూర్పున ఉంది. తాగింది అవతలి నీరు, పీల్చింది ఇవతలి గాలి. ఎండ విషయంలో అభిప్రాయ భేదం వచ్చింది. పొద్దుటి ఎండ తూర్పుదని ఒకరు, సాయంత్రపు ఎండ పడమటిదని మరొకరు వాదించారు. వార్డెను ఇచ్చిన మజ్జిగ తాగి మూడో ఆయన తీర్పు రాశాడు. "సదరు బీరకాయ స్థానికత నలభై శాతమునకు మించకపోవుటచే, గోడ ఎక్కి వచ్చుట చొరబాటుగా పరిగణించబడినది."

తీగ కోసేశారు. కాయ తిన్న పిల్లల పేర్లు రాసుకున్నారు, కానీ ఏ చర్యా తీసుకోలేదు. వాళ్లు మైనర్లు.

కాళ్లు లేని బీరకాయే ఇలా చొరబడితే చక్రాల మీద వచ్చే సరుకు సంగతేమిటని శేషఫణిగారికి నిద్ర పట్టలేదు. పడమటి జిల్లా నుంచి హాస్టలు వైపు వచ్చే రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టించారు. పడమటి నుంచి వచ్చే ఒక్క మిరపకాయనైనా వదలొద్దని రాతపూర్వకంగా ఆదేశించారు.

చెక్‌పోస్టు పెట్టిన అయిదో రోజున రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడని తెలిసింది. స్థానిక భోజనశాలలకు గుండ్లకొత్తూరు హాస్టలు ఆదర్శమని నివేదికల్లో చదివి, పిల్లలతో కలిసి అన్నం తినాలని ఆయనకు కోరిక పుట్టింది. ఆయన వచ్చే రోజున షామియానా మళ్లీ లేచింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పదిన్నర దాటినా వన్నూరప్ప వ్యాను రాలేదు.

విషయమేమిటంటే, తూర్పు జిల్లా ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చే రోడ్డు మధ్యలో పన్నెండు కిలోమీటర్లు పడమటి జిల్లాలోంచి పోయి వస్తుంది. వారానికోసారి వచ్చే వ్యానుకు చెక్‌పోస్టు పెట్టాక ఇదే మొదటి రాక. అది పడమటి నుంచి వచ్చింది కాబట్టి చెక్‌పోస్టు వాళ్లు ఆపారు. వన్నూరప్ప ఎంత మొత్తుకున్నా వాళ్లు శేషఫణిగారి సంతకమే చూపించారు. శేషఫణిగారు ఫోను చేస్తే, నోటిమాట చెల్లదని శేషఫణిగారే రాసిన రెండో పేరా చదివి వినిపించారు.

పదకొండుకు సందు దగ్గర "అమ్మా" అని వినిపించింది. హనుమక్క చూస్తే సందులో శేషఫణిగారి ముఖం ఉంది. కళ్లజోడు జారిపోయి, నుదుటి మీద చెమట కారుతోంది. వెనక వార్డెనూ, వీరమ్మా నిలబడి ఉన్నారు.

"ఒక నాలుగు తట్టల వంకాయలు కావాలి."

హనుమక్క లోపలికి పోయి అద్దం కట్టిన ప్రశంసాపత్రం తెచ్చింది. వెనక్కి తిప్పి సందులో పెట్టింది. "నాకు సన్నక్షరాలు కనిపించవు. మేడమ్, మీరు చదవండి" అన్నది.

ప్రమీలారాణి చదివింది. "కొనుగోలు చేయు జిల్లా యొక్క లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎగుమతిదారు సరుకును సరిహద్దు దాటించరాదు."

"నేను ఎగుమతిదారును సార్. నోటిమాటకు ఇచ్చేదానికి లేదు."

ఆమె కావాలనే ఆ మాట అన్నది. రెండు నెలల కష్టం మట్టిపాలైన కడుపుమంట అందులో ఉంది. అయినా వీరమ్మ వెనక కంచాలు పట్టుకుని వరుసలో నిలబడిన పిల్లలు కనబడి, ఆయన వట్టి చేతులతో వెనక్కి పోతాడేమోనని లోపల భయపడింది కూడా. శేషఫణిగారు వెనక్కి పోలేదు. ఆహ్వానపత్రిక వెనక, గోడ మీదే ఆనించి, అక్కడికక్కడ ఉత్తర్వు రాశారు.

"గోడ అవతలి వంకాయలు ఈ ఒక్క దినమునకు, ఉదయం పదకొండు గంటల నుండి మధ్యాహ్నం రెండు గంటల వరకు, స్థానికమైనవిగా భావించబడును."

సంతకం ఆరకముందే సుంకన్న, హనుమక్క చెట్ల మీద పడ్డారు. లేత కాయలు ఏరి నాలుగు తట్టలు అందించారు. వీరమ్మ వేయించిన శెనక్కాయల పొడి కూరి గుత్తి వంకాయ వండింది. ఆ వాసన గోడ దాటి హనుమక్క దాకా వచ్చింది. దిగుమతో ఎగుమతో తెలియదు కానీ దాన్ని ఎవరూ ఆపలేదు.

పెద్ద అధికారి వేడి అన్నంలో కలుపుకుని రెండుసార్లు వేయించుకున్నాడు. తర్వాత మైకు తీసుకున్నాడు. "ఇది మన మట్టి రుచి. నూరు మైళ్ల నుంచి తెచ్చిన కూరకు ఈ రుచి రానే రాదు. ఈ వంకాయ పండించిన స్థానిక రైతును నేను చూడాలి" అన్నాడు.

హనుమక్క సందు దగ్గరికి వచ్చి కొంగు సర్దుకుంది. పిలుస్తారనే అనుకుంది. శేషఫణిగారు ఒక్క క్షణం సందువైపు చూసి, అటువైపు గీత ఉందని గుర్తు తెచ్చుకుని, షామియానా వేయించడానికి వచ్చిన వన్నూరప్ప బావమరిదిని వేదిక మీదికి పిలిచారు. ఎవరిదో తలపాగా అతనికి చుట్టారు. పెద్ద అధికారి అతని చేతులు పట్టుకుని, ఇవి మట్టి చేతులని గర్వంగా చెప్పాడు. ఆ చేతులకు రెండు ఉంగరాలున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రెండయింది. పెద్దల పంక్తి, చిన్న తరగతుల పంక్తి అయ్యాయి. పెద్ద తరగతుల పిల్లలు కూర్చోవాల్సి ఉంది. శేషఫణిగారు గడియారం చూసుకుని వడ్డన ఆపించారు. మిగిలిన కూర ఆ నిమిషం నుంచి పరాయిదైపోయింది. పెద్ద తరగతుల వాళ్లకు మజ్జిగ పోశారు. సగం గిన్నె కూర ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పారేస్తే వృథా, తింటే నేరం.

"ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పంపండి" అన్నారు శేషఫణిగారు.

వీరమ్మ ఏడుస్తూ గిన్నెను సందులోంచి అందించింది. "ఏమనుకోవద్దక్కా" అన్నది. హనుమక్క గిన్నె అందుకుంది. పెద్ద తరగతుల ఆడపిల్లలు మజ్జిగన్నం తింటూ గిన్నె వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. ఆ రాత్రి ఆమె ఇంట్లో ఆ కూరను ఎవరూ ముట్టలేదు.

జరిగిన అవమానం తిరిగి జరగకూడదని శేషఫణిగారు రెండు సంస్కరణలు తెచ్చారు. మొదటిది స్థానిక ముద్ర. జిల్లా కేంద్రంలో నీలం ముద్ర వేయించుకున్న సరుకు ఇక ఏ దారిన వచ్చినా స్థానికమే, చెక్‌పోస్టులో ఎవరూ ఆపకూడదు. రెండోది గోడ. పదకొండేళ్ల నాటి కాగితాన్ని వెతికి తీయించి, వారంలో మంజూరు చేయించారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మేస్త్రీలు, ఎక్కడిదో తెలియని సిమెంటుతో సందు పూడ్చేశారు. హాస్టలు వైపు సున్నం కొట్టి దాని మీద "పక్కనున్న రైతుకు అండగా నిలుద్దాం" అని అందంగా రాయించారు.

గోడ తడి ఆరకముందే వన్నూరప్ప వ్యాను హనుమక్క తోట గట్టు మీద ఆగింది.

"అక్కా, నీ వంకాయలు నేను కొంటా. సంత ధరలో సగం ఇస్తా. అంత దూరం పోయి ఆ చివర కొనేది నాకూ కష్టంగా ఉంది."

"నావి పరాయి వంకాయలు కదప్పా?"

"ముద్ర పడేదాకానే అక్కా."

చెట్టు మీద కుళ్లిపోవడం కన్నా నయమని ఆమె ఒప్పుకుంది. పొద్దున్నే కోసిన కాయలు వ్యాను ఎక్కి జిల్లా కేంద్రానికి మూడు గంటలు పోతాయి. అక్కడ ముద్ర వేసే గుమాస్తా వచ్చేదాకా ఎండలో ఉంటాయి. ఒక్కోసారి గుమాస్తా ఆ రోజు రాడు. మళ్లీ మూడు గంటలు ప్రయాణం చేసి మర్నాటి సాయంత్రానికి హాస్టలు ముందు గేటులోంచి లోపలికి వస్తాయి.

ఒక సాయంత్రం గోడ అవతల వీరమ్మ రుబ్బురోలు ఎక్కి నిలబడి "అక్కా" అని కేకేసింది. చేతిలో ఒక వంకాయ ఉంది. ముడతలు పడి మెత్తగా వేలాడుతోంది. దాని మీద నీలం ముద్ర ఉంది.

"చూడక్కా, ఇవి వండమంటారు. ముద్ర పడిన ముక్క కోసి ఫైలుకు పంపాలంట, మిగిలింది పిల్లలకంట. ఏ రైతు పండించినాడో గానీ పాపం, ఎంత దూరం నుంచి వస్తాండాయో."

హనుమక్క చెయ్యి చాచి కాయ అందుకుంది. తొడిమ దగ్గర తెల్ల చార, దాని పక్కనే ముల్లు గీసుకున్న మచ్చ. నిన్న పొద్దున కోస్తున్నప్పుడు ఆ ముల్లే ఆమె వేలికి గుచ్చుకుంది. వేలు ఇంకా నొప్పిగానే ఉంది.

"నా చెట్టుదే వీరమ్మా" అంటూ కాయను గోడ మీదుగా తిరిగి ఇచ్చింది. "నిన్న ఈడనే కోసినా. మీ పక్కింటిది అనిపించుకునేదానికి అంత దూరం పోయొచ్చింది."